పక్కింటి స్విచ్చుకు తగులుకున్న జన్యువు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. సంగారెడ్డి జిల్లాలో ఒకదాని పక్కన ఒకటి పెరిగిన పారిశ్రామికవాడలివి. ఇక్కడ రియాక్టర్ల దగ్గర షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు తాము చేసే మందు పేరు తెలుస్తుంది. అది ఒంట్లోకి పోయి ఏ జన్యువు పని పడుతుందో తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు రాదు. ఈ బెల్టులో యూనిట్లున్న డాక్టర్ రెడ్డీస్, హెటిరో, ఎంఎస్‌ఎన్ లాంటి కంపెనీల మందుల జాబితాల్లో అబిరటెరోన్ అని ఒక పేరు ఉంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరిన మగవాళ్లకు ఇచ్చే మాత్ర అది. అది చేసే పనల్లా ఒంట్లో మగ హార్మోన్ తయారు కాకుండా ఆపడం.

హార్మోన్ ఆగితే క్యాన్సర్ ఎందుకు వెనక్కి తగ్గుతుంది? ఈ ప్రశ్నకు జవాబులో ఒక పెద్ద ముక్క 1987లో ఇద్దరు తెలుగు శాస్త్రవేత్తల చేతికి దొరికింది. అది ఈ ప్రశ్నకు సంబంధించిన ముక్కేనని తెలియడానికి మాత్రం ఇంకో 18 ఏళ్లు పట్టింది.

హార్మోన్‌కూ క్యాన్సర్‌కూ లంకె ఉందని జన్యువుల ఊసు లేని రోజుల్లోనే డాక్టర్లు కనిపెట్టారు. స్కాట్లండ్ సర్జన్ జార్జ్ బీట్సన్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక స్త్రీకి అండాశయాలు తీసేస్తే కణితి కరిగిందని 1896లో ప్రకటించాడు. 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ మగవాళ్ల విషయంలో ఇదే తేల్చాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకి మంచాన పడ్డవాళ్లకు వృషణాలు తీసేస్తే నొప్పులు తగ్గాయి, కొందరు లేచి తిరిగారు. ఆ పనికి 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంతా బాగానే ఉంది గానీ, హార్మోన్ కణం లోపలికి వెళ్లి ఏం చేస్తోందన్నది అప్పటికి చీకటే.

ఇప్పుడు తెలిసిన సంగతి ఇది. టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్ కణంలోకి వెళ్లి, తన కోసమే కాచుకుని ఉన్న రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద కొన్ని నిర్ణీత స్థలాల్లో కూర్చుంటుంది. అక్కడ కూర్చోగానే పక్కనున్న జన్యువు పని మొదలుపెడుతుంది. ఆ స్థలాన్ని జన్యువుకున్న స్విచ్చు అనుకోవచ్చు. మనిషికి ఉన్న ఇరవై వేల చిల్లర జన్యువుల్లో అన్నిటికీ ఈ స్విచ్చు ఉండదు. ఉన్నవాటికే హార్మోన్ మాట వినబడుతుంది.

మగవాళ్లలో యాభై దాటాక చాలామంది చేయించుకునే పీఎస్‌ఏ పరీక్ష సరిగ్గా ఈ రకం జన్యువు లెక్కే. పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను చేసే జన్యువుకు మగ హార్మోన్ స్విచ్చు ఉంది. అందుకే హార్మోన్ చికిత్స మొదలుపెట్టగానే పీఎస్‌ఏ అంకె దిగిపోతుంది. క్యాన్సర్ కణాలు చచ్చి కొంత తగ్గితే, బతికున్న కణాల్లో స్విచ్చు ఆగిపోయి కొంత తగ్గుతుంది. జుట్టు రాలకుండా, ప్రోస్టేట్ ఉబ్బు తగ్గడానికి వాడే ఫినాస్టెరైడ్ కూడా పీఎస్‌ఏను దాదాపు సగానికి దించుతుంది. ఆ మాత్ర వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పకపోతే, అనుమానించాల్సిన అంకె కూడా మామూలుగా కనబడి మోసం చేస్తుంది. జుట్టు కోసం సొంతంగా కొనుక్కుని వేసుకునేవాళ్లు ఈ విషయం చెప్పడం మర్చిపోతుంటారు.

హార్మోన్ మాట వినే జన్యువులను వెతికి పట్టుకోవడానికి ప్రయోగశాలల్లో కుదిరిన పద్ధతి చెప్పుకోవడానికి సులువే. ఒకే రకం క్యాన్సర్ కణాలను రెండు గిన్నెల్లో పెంచుతారు. ఒక దాంట్లో హార్మోన్ వేస్తారు, రెండో దాంట్లో వెయ్యరు. ఆ తర్వాత రెండు గిన్నెల్లోనూ ఏయే జన్యువులు ఎంతెంత పనిచేస్తున్నాయో పోల్చి చూస్తారు. తేడా కనబడినవి హార్మోన్ మాట వినేవి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్‌లో పియర్ షాంబాన్ ప్రయోగశాల ఎంసీఎఫ్‌-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇలా వెతికి 1982లో పీఎస్‌2 అనే జన్యువును బయటపెట్టింది. ఈస్ట్రోజెన్ వేస్తే చురుగ్గా లేచే జన్యువు, దొరికింది క్యాన్సర్ కణంలో. దీన్ని దోషిగా అనుమానించకుండా ఎవరుంటారు? కానీ 1996లో ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూస్తే వాటి కడుపు లోపలి పొర దెబ్బతిని అక్కడే కణితులు వచ్చాయి. మామూలుగా అది కడుపును కాపాడే జన్యువు! హార్మోన్ మాట వినడం ఒకటి, క్యాన్సర్ తెచ్చిపెట్టడం ఇంకొకటి. పత్రికల్లో ‘క్యాన్సర్ జన్యువు దొరికింది’ అనే శీర్షిక చూసినప్పుడల్లా ఈ పీఎస్‌2 కథను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

1980లు క్యాన్సర్ జన్యువుల వేట జోరుగా సాగిన కాలం. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణంలోని రాస్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల అది క్యాన్సర్ కారకంగా తయారైందని చూపిన బృందాల్లో ఒకదాని పత్రం మీద తొలి పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లినాయన. ఆ దశాబ్దంలోనే మేరీలాండ్ రాష్ట్రం ఫ్రెడరిక్‌లో ఉన్న అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రయోగశాలలో, టాకిస్ పాపాస్ దగ్గర, వీణా ఎన్. రావు, ఇ. శ్యామ్ పి. రెడ్డి పనిచేస్తున్నారు. వాళ్లు పట్టుకున్న దారి కోళ్ల నుంచి మొదలైంది. కోళ్లకు రక్త క్యాన్సర్ తెచ్చే ఈ26 అనే వైరస్ ఒకటుంది. దాని లోపల ఎట్స్ అనే జన్యువు ఉంది. నిజానికి అది వైరస్ సొత్తు కాదు, ఎప్పుడో కోడి కణం నుంచి ఎత్తుకొచ్చింది. మరి దానికి మనిషిలో చుట్టాలెవరు?

పెద్దపేగు క్యాన్సర్ కణాల నుంచి తీసిన జన్యు ప్రతుల్లో గాలిస్తే ఒక చుట్టం దొరికింది. 1987లో రెండు పరిశోధన పత్రాలుగా ప్రకటించి దానికి ఈఆర్‌జీ అని పేరు పెట్టారు. 21వ క్రోమోజోమ్ మీద దాని చోటు. ఇతర జన్యువులను లేపే, ఆపే అధికారి తరహా జన్యువని తర్వాత తేలింది. మామూలు మనిషిలో రక్తనాళాల లోపలి పొరలో, రక్తం తయారుచేసే మూలకణాల్లో దానికి పని ఉంటుంది. ప్రోస్టేట్ గ్రంథిలోని స్రావ కణాల్లో దానికి పనేమీ లేదు. మగ హార్మోన్‌తో దానికి సంబంధం ఉందని ఊహించడానికి కారణమూ లేదు, ఎందుకంటే దానికి హార్మోన్ స్విచ్చే లేదు. 1990లలో ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమాలో, ఒక రకం రక్త క్యాన్సర్‌లో ఈఆర్‌జీ ముక్క వేరే జన్యువులతో అతుక్కుని కనబడింది. అంటే అనుమానితుల జాబితాలో ఉంది, కానీ అరుదైన కేసుల్లోనే.

ఈ కథలోని రెండో జన్యువుకు తెలుగు సంబంధమేమీ లేదు. 1997లో జెనీవా శాస్త్రవేత్తలు 21వ క్రోమోజోమ్‌ను జల్లెడ పడుతుంటే అది బయటపడింది. పూర్తి పేరు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్‌2. పలకలేక శాస్త్రవేత్తలే టెంప్రెస్‌-2 అని లాగిస్తారు. ఇది ప్రొటీన్లను కత్తిరించే ఎంజైమ్‌ను చేస్తుంది. 1999లో సియాటిల్‌లో ఒక బృందం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద రెండు గిన్నెల పరీక్ష చేసినప్పుడు, మగ హార్మోన్ తగలగానే ఇది బాగా పెరుగుతోందని తేలింది. ప్రోస్టేట్‌లో ఎక్కువగా ఉంటుంది, హార్మోన్ మాట వింటుంది. క్యాన్సర్‌తో సంబంధం ఉండొచ్చు అన్నారు. ‘ఉండొచ్చు’ దగ్గరే ఆరేళ్లు ఆగింది.

ఈఆర్‌జీ, టెంప్రెస్‌-2 రెండూ 21వ క్రోమోజోమ్ మీదే, ఒకదానికొకటి దాదాపు 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉన్నాయి. క్రోమోజోమ్ కొలతల్లో చూస్తే ఇది పక్క వీధి దూరం. అయినా రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోచలేదో తెలుసుకోవడం ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరం.

అప్పటి లెక్క ఇలా ఉండేది. వందమంది రోగుల కణితులు తీసుకుని ఒక్కో జన్యువు సగటున ఎంత పనిచేస్తోందో చూడటం, ఆరోగ్యవంతుల సగటుతో పోల్చడం. సగటు బాగా మారితే ఆ జన్యువు మీద దృష్టి పెట్టడం. కొందరు రోగుల్లో మాత్రం ఆకాశానికి ఎగిరి, మిగిలినవాళ్లలో కదలకుండా ఉన్న జన్యువు ఈ సగటు లెక్కలో మునిగిపోతుంది. పైగా రెండు జన్యువులు తెగి అతుక్కోవడమనేది రక్త క్యాన్సర్లలో, సార్కోమాల్లో జరిగే పని అని, ప్రోస్టేట్, రొమ్ము లాంటి అవయవాల్లో వచ్చే మామూలు క్యాన్సర్లలో అంతగా ఉండదని అందరూ నమ్మేవారు. రక్త క్యాన్సర్‌లో అలా అతుక్కున్న జంటను ఆపే ఇమాటినిబ్ మందు అప్పటికే వచ్చింది. హైదరాబాద్ కంపెనీ నాట్కో దాన్ని వీనాట్ పేరుతో అమ్మింది కూడా. ప్రోస్టేట్‌లో అలాంటిది వెతకాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ బృందం ఈ సగటును పక్కన పెట్టింది. ప్రపంచంలో అప్పటికే ప్రచురితమైన క్యాన్సర్ జన్యు సమాచారాన్నంతా ఒకచోట చేర్చి, కొద్దిమంది రోగుల్లో మాత్రమే విపరీతంగా లేచిన జన్యువులేవో చూపే లెక్కొకటి తయారుచేసింది. ప్రోస్టేట్ క్యాన్సర్ జాబితాలో పైకి తేలినవి ఈఆర్‌జీ, దాని చుట్టమే అయిన ఈటీవీ1. వింతేమిటంటే, ఒకే రోగిలో ఈ రెండూ కలిసి లేవడం లేదు. ఒకటి ఉంటే రెండోది లేదు. 2005లోనే మేరీలాండ్‌లో శివ్ శ్రీవాస్తవ బృందం కూడా ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎక్కువగా లేచే క్యాన్సర్ జన్యువు ఈఆర్‌జీనేనని వేరే దారిలో చెప్పింది. కానీ ఎందుకు లేస్తోంది?

కణితుల్లోని ఈఆర్‌జీ ప్రతుల మొదటి భాగాన్ని స్కాట్ టామ్లిన్స్, సహచరులు చదివి చూశారు. అక్కడ ఉండాల్సిన ఈఆర్‌జీ మొదలు లేదు. దాని స్థానంలో టెంప్రెస్‌-2 మొదలు ఉంది. క్రోమోజోమ్‌లో మధ్య భాగం తెగి, రెండు జన్యువులూ అతుక్కున్నాయి. ఆ అతుకుతో టెంప్రెస్‌-2 హార్మోన్ స్విచ్చు ఈఆర్‌జీకి దక్కింది. ఇన్నాళ్లూ ప్రోస్టేట్‌లో నిద్రపోతున్న జన్యువు, మగ హార్మోన్ తగిలినప్పుడల్లా మేల్కొంటోంది. ఈ అతుకున్న కణాలకు ప్రయోగశాలలో కృత్రిమ మగ హార్మోన్ ఇస్తే ఈఆర్‌జీ పెరిగింది. అతుకు లేని కణాల్లో పెరగలేదు. రంగు తగిలించి చూసే పరీక్షలో 29 కణితులకు గాను 23 కణితుల్లో ఈఆర్‌జీ గానీ ఈటీవీ1 గానీ చోటు మారి కనబడింది. 2005 అక్టోబర్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఈ పరిశోధన తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్‌ను చూసే కన్నే మారిపోయింది.

పశ్చిమ దేశాల రోగుల్లో దాదాపు సగంమందిలో ఈ అతుకు ఉంటుంది. చైనా, జపాన్ రోగుల్లో బాగా తక్కువ. ఐఐటీ కాన్పూర్‌లో బుష్రా అతీక్ బృందం ఉత్తర భారత రోగుల కణితులు చూస్తే దాదాపు సగంలో కనబడింది, అంటే మన లెక్క చైనాకన్నా పశ్చిమానికే దగ్గరగా ఉంది.

ఇక్కడితో ఆగినా మంచి కథే. 2009లో ఇంకో మలుపు తిరిగింది. చిన్నయ్యన్ ప్రయోగశాలలోనే రామ్‌శంకర్ మణి, సహచరులు ప్రోస్టేట్ కణాలకు మగ హార్మోన్ ఇచ్చి కేంద్రకంలో ఆ రెండు జన్యువుల చోటు గమనించారు. హార్మోన్ తగలగానే దూరంగా ఉన్న రెండూ ఒకదాని దగ్గరికి ఒకటి చేరాయి. అప్పుడు రేడియేషన్‌తో డీఎన్‌ఏను తెంపితే, తిరిగి అతుక్కునేటప్పుడు కొన్ని కణాల్లో తప్పు జంట కుదిరింది. అంటే హార్మోన్ అతుకైన జన్యువును లేపడమే కాదు, ఆ అతుకు పడటానికి రంగం సిద్ధం చేయడంలోనూ దానికి చెయ్యి ఉందన్నమాట. దోషీ సాక్షీ ఒకే మనిషైతే విచారణ ఎంత చిక్కో, ఇదీ అంతే.

మరి ఈఆర్‌జీ ఒక్కటే క్యాన్సర్ తెస్తుందా? ఎలుకల ప్రోస్టేట్‌లో ఈఆర్‌జీని లేపితే చిన్నచిన్న మార్పులే వచ్చాయి. పీటీఈఎన్ అనే కాపలా జన్యువు కూడా పోయినప్పుడు క్యాన్సర్ వచ్చింది. అతుకున్న రోగులకు జబ్బు ఎక్కువ ముదురుతుందా అన్న దానిమీద ఒక అధ్యయనం అవునంటే ఇంకోటి కాదంది. టెంప్రెస్‌-2 పేరు 2020లో మళ్లీ మోగింది. కరోనా వైరస్ మన కణంలోకి చొరబడటానికి ఆ ఎంజైమే దారి తీస్తోందని జర్మన్ శాస్త్రవేత్తలు చూపారు. మగ హార్మోన్‌ను ఆపితే కోవిడ్ తగ్గుతుందేమోనని ప్రోస్టేట్ మందులతో ప్రయోగాలు చేశారు. స్వీడన్‌లో ఎంజలుటమైడ్‌తో చేసిన ప్రయోగం ఫలించలేదు. కాగితం మీద అంత చక్కగా కుదిరిన తర్కం ఆసుపత్రి వార్డులో నిలబడలేదు.

పనికొచ్చిన చోటు వేరే ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వృషణాలు తీసేసినా, ఇంజెక్షన్లతో హార్మోన్‌ను అణిచినా, కొన్నేళ్లకు జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు చూస్తే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ముడిపదార్థంతోనూ, కొన్నిసార్లు కణితి తనంతట తానుగానూ హార్మోన్ చేసుకుంటూ ఉంటుంది. పీఎస్‌ఏ మళ్లీ ఎక్కుతుంది. అతుకున్న కణాల్లో ఈఆర్‌జీ మళ్లీ లేస్తుంది. అంటే స్విచ్చు పాడవలేదు, కరెంటు వేరే చోటి నుంచి వస్తోంది. ఆ తయారీలో కీలకమైన ఎంజైమ్‌ను ఆపేదే అబిరటెరోన్. లండన్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థలో రూపుదిద్దుకుని 2011లో అమెరికాలో అనుమతి పొందింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. జనరిక్ తయారీదారులు రంగంలోకి దిగాకే అది మామూలు కుటుంబాలకు కాస్త అందుబాటులోకి వచ్చింది. ఆ జనరిక్ తయారీలో హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీల వాటా చిన్నదేమీ కాదు.

ఇదే బెల్టు గురించి క్యాన్సర్ మాట ఎత్తితే ఇక్కడివాళ్లకు మందు కన్నా ముందు వాగు గుర్తొస్తుంది. ఇసకవాగు, నక్కవాగు, అక్కడి నుంచి మంజీర. పరిశ్రమల మురుగు మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఆ జాబితాలో ఎక్కువ మోతాదులో దొరికినవి యాంటీబయాటిక్‌లు, బీపీ మందులు, అలర్జీ మాత్రలు. హార్మోన్లు కావు.

కానీ స్విచ్చును నొక్కడానికి హార్మోనే కావాలని లేదు. బోస్టన్‌లో అనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ తమ రొమ్ము క్యాన్సర్ కణాలు ఈస్ట్రోజెన్ వెయ్యకుండానే పెరుగుతుంటే తలపట్టుకున్నారు. కారణం వెతికితే పరీక్ష నాళికల ప్లాస్టిక్ నుంచి కారుతున్న నోనిల్‌ఫినాల్ అని తేలింది. 1991లో అది ప్రచురించారు. ప్లాస్టిక్ నుంచి కారే రసాయనం కూడా హార్మోన్ వేషం వెయ్యగలదు.

పటాన్‌చెరు నీళ్లు జన్యువులను కదిలిస్తాయా అన్నది కూడా పరీక్షించారు. మనుషుల్లో కాదు, చేపల్లో. లార్సన్ సహచరి లీనా గన్నార్సన్ బృందం 2009లో, శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిని 500 వంతులకు పల్చన చేసి అందులో రెయిన్‌బో ట్రౌట్ చేపలను ఉంచింది. ఐదు రోజుల్లోనే చేప కాలేయంలో చాలా జన్యువుల పనితీరు మారింది. విష రసాయనాలు తగిలినప్పుడు లేచే సీవైపీ1ఏ చురుకైంది. ఈ జన్యువు కూడా రిసెప్టర్ వచ్చి కూర్చుంటేనే లేచే రకం, హార్మోన్ స్విచ్చుల పద్ధతిలోనే. అదే ఏడాది అంతే పల్చన చేసిన నీళ్లలో కప్ప పిల్లల ఎదుగుదల 40 శాతం దాకా తగ్గిందని ఇంకో అధ్యయనం చెప్పింది. ఆ తర్వాత శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైనులో అంబర్‌పేట వైపు మళ్లించారు. వాగుకు కొంత ఊరట, మూసీకి కొంత బరువు.

చేపలో సీవైపీ1ఏ లేచిందంటే మనిషికి క్యాన్సర్ వస్తుందని కాదు. పీఎస్‌2 నేర్పింది ఇక్కడా వర్తిస్తుంది. జన్యువు కదలడం మొదటి మెట్టు మాత్రమే. మనుషుల్లో ఆ పై మెట్లు తేల్చాలంటే ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో, వాళ్లు ఎక్కడ బతికారో, ఏం పనిచేశారో ఏళ్లపాటు రాసి ఉంచాలి. తగిలిన రసాయనానికీ, వచ్చే క్యాన్సర్‌కూ మధ్య పది ఇరవై ఏళ్లు గడవొచ్చు. ఈ పారిశ్రామికవాడల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోయేవాళ్లు ఎందరో. బొల్లారంలో పనిచేసిన బిహార్ కార్మికుడికి పదిహేనేళ్ల తర్వాత తన సొంత జిల్లాలో క్యాన్సర్ బయటపడితే, అక్కడి రిజిస్టర్లో ఆయన చిరునామా బిహార్‌దే అవుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి వచ్చే సంగారెడ్డి రోగి సంగతి కాస్త నయం, ఊరి పేరైనా రాస్తారు. ఆ పేరు పక్కన ఏ కంపెనీలో, ఏ రియాక్టర్ దగ్గర, ఎన్నేళ్లు అన్న గడి కూడా ఉంటే, జన్యు పరీక్షలు చేసేవాళ్లకు ఎవరి కణితిని ఎవరి కణితితో పోల్చాలో తెలుస్తుంది.